ఒక్క మెట్టే

నవంబరు 26, ఆదివారం

చర్చిలో ఆరాధన అయ్యాక పాస్టరు అయ్యగారి భార్య వచ్చి నా చెయ్యి పట్టుకుంది. "ప్రేమలత టీచర్, ఈ పొద్దు మీ ఆర్గన్ వింటాంటే ఒళ్ళు ఝల్లుమనింది. ఇన్నేండ్లలో ఇంత బాగా ఎప్పుడూ వాయించలేదు మీరు" అంది.

వాయించింది నేను కాదు. మూడో కీర్తన మధ్యలో నా ఎడమచేతి చివరి రెండు వేళ్ళు మళ్ళీ మొద్దుబారాయి. కింది వరస ఆగిపోయింది. పేజీలు తిప్పడానికి పక్కన కూర్చున్న మల్లిక, నా వైపు చూడను కూడా చూడకుండా, తన ఎడమచేతిని నా చేతి కిందుగా జరిపి ఆ వరస అందుకుంది. కుడిచెయ్యి నాది, ఎడమచెయ్యి దానిది. చివరి చరణం దాకా అట్లాగే నడిచింది. ఆర్గన్ వెనక చెక్క ఎత్తుగా ఉంది కాబట్టి సంఘానికి ఏమీ కనపడలేదు.

"అంతా దేవుడి దయ" అన్నాను అయ్యగారి భార్యతో. మల్లిక తల వంచుకుని పుస్తకాలు సర్దుకుంటోంది. పదిహేడేళ్ళ పిల్ల. ఎవరికీ చెప్పదు. చెప్పదన్న నమ్మకమే నన్ను ఎక్కువ కాల్చింది.

నవంబరు 28, మంగళవారం

మెడ దగ్గర నరం నొక్కుకుందట. వేళ్ళు ఎప్పటికి బాగవుతాయని అడిగితే, డాక్టరు నా వయసు కాగితంలో చూసి, "యాభై తొమ్మిది కదమ్మా, ఇంక వేళ్ళతో ఏం పని" అన్నాడు. ఆర్గన్ వాయిస్తానన్నాను. రోజూ కాదు కదా అన్నాడు. యాభై ఏళ్ళుగా రోజూనే.

ఇంటికి వచ్చి గోడ మీద పేపరు ముక్క ముందు కాసేపు నిలబడ్డాను. 1994. బెంగళూరు పెద్ద చర్చిలో పైప్ ఆర్గన్ మీద గంటసేపు ఒంటరిగా వాయించినప్పటి ఫోటో. ఆ తరువాత వేలూరు, కొచ్చి, హైదరాబాదు, అన్నీ కలిపి పన్నెండు కచేరీలు. మధ్యలో ముప్పై మూడేళ్ళు హిందూపురం బడిలో పిల్లలకు స్వరాలు చెప్పాను. నా బతుకు లెక్క ఇంతే, కానీ హిందూపురంలో ఇంకెవరికీ ఈ లెక్క లేదు.

"ఏమే, ఆ ఫోటోకు టెంకాయ కొట్టేది ఒకటే తక్కువ. అన్నానికి రా" అంది మా నిర్మలక్క వంటింట్లోంచి. నర్సుగా రిటైరయిన దగ్గరనుంచి ఆమెకు నేనొక్కదాన్నే రోగిని.

డిసెంబరు 3, ఆదివారం

ఆరాధన తరువాత అయ్యగారు నన్ను ఆఫీసు గదిలోకి పిలిచారు. కాఫీ ఇప్పించారు. అప్పుడే అనుమానం వచ్చింది, ఆయన ఊరికే కాఫీ ఇప్పించరు.

"టీచర్, జనవరి నుంచి ఆర్గన్ ముందర మల్లికను కూర్చోబెడదామని కమిటీలో అనుకున్నాం. మీరు రవ్వంత సుధారించుకోండి, విశ్రాంతి తీసుకోండి. మీ వేళ్ళ సంగతి తెలిసింది."

ఎవరు చెప్పారని అడిగాను. ఆయన కాఫీ కప్పులోకి చూశారు.

బయటకు వచ్చి మల్లికను అడిగాను. "నేను చెప్పలేదు మేడమ్" అంది. కళ్ళలోకి చూసే చెప్పింది. నేను నమ్మలేదు. ఇంకెవరు చూశారు మరి.

ఏడేళ్ళ కిందట ధర్మవరంలో శనివారం క్లాసు చెబుతుంటే కిటికీ దగ్గర నిలబడి, "టీచర్, మీ హార్మోనియం పెట్టెలో ఆ నల్ల మెట్టు తప్పు పలుకుతాంది" అన్న పిల్ల ఇది. నిజంగానే ఆ మెట్టు కింది రేకు వంగిపోయి ఉంది, నేను కనుక్కోలేదు. వాళ్ళ నాయన ఓబుళప్ప తాడిమర్రి వైపు గొర్రెలు కాసుకునేవాడు, వానలు లేక ధర్మవరం వచ్చి మగ్గం పట్టాడు. ఫీజు వద్దని, నేనే పిలిచి నేర్పాను. ఇప్పుడు ఆదివారాలు పొద్దున బండికి హిందూపురం వచ్చి నా పక్కన కూర్చుంటుంది. పాలు పోసి పెంచాను అని రాయబోయి ఆపేశాను, ఆ సామెత ఎక్కడికి పోతుందో తెలుసు. ఆ పిల్ల పాము కాదు.

డిసెంబరు 9, శనివారం

ఈ ఏడాది మూడు సంఘాల క్రిస్మస్ పాటల కచేరీ పెనుకొండలో. ఈరోజు రిహార్సల్. అక్కడి పాత ఆర్గన్ గాలి తిత్తులు ఎలుకలు కొట్టేశాయి. కొత్త కీబోర్డు కొన్నారు, నాలుగువందల రకాల శబ్దాలు, ఒక్కటీ ఆర్గన్ కాదు.

బెంగళూరు నుంచి గంగాధర్ గారు వస్తున్నారు. ఆయన నడిపే సంగీత పాఠశాలలో ఆర్గన్‌కు ఒకే ఒక్క సీటు, మూడేళ్ళు, హాస్టలుతో సహా. మల్లిక గురించి నేనే ఉత్తరం రాశాను, ఆగస్టులో. అప్పుడు నా వేళ్ళు బాగున్నాయి. కచేరీ మొదట్లో మల్లిక ఒంటరిగా వాయించాలి. ఆరు పేజీలది, నేను బెంగళూరులో వాయించినదే. ఆ పిల్లే ఎంచుకుంది. ఇంట్లో పెట్టె లేక, చీరల డబ్బా అట్ట మీద పెన్నుతో మెట్లు గీసుకుని దాని మీద సాధన చేసింది. శబ్దం తలలో వినపడుతుందట.

పాటలు పాడే బాలమ్మ శ్రుతి ఎక్కువైంది, గొంతు పట్టేస్తాంది అని గోల. సరే అని కీబోర్డు మీద శ్రుతి దించే బటన్ మూడుసార్లు నొక్కాను. వేళ్ళు పాత చోటే ఉంటాయి, స్వరం మాత్రం మూడు మెట్లు కిందికి దిగుతుంది. సగం ఊళ్ళలో కీబోర్డు వాళ్ళు దీంతోనే బతుకుతున్నారు. నాకైతే ఏమీ తేడా ఉండదు. మల్లిక రెండు వరసలు వాయించి లేచి నిలబడింది. ముఖం పాలిపోయింది.

"తల తిరుగుతాంది మేడమ్. వేలు ఒక మాట చెప్తాది, చెవి ఇంకొక మాట చెప్తాది. ఏది నమ్మాల్నో తెలీలేదు."

రైలు కూత ఏ స్వరమో, కుక్కర్ కూత ఏ స్వరమో టక్కున చెప్పే చెవి అది. అలాంటి చెవికి ఈ బటన్ విషం. నాకు ఆ చెవి లేదు, నాకు ముందు చర్చిలో ఆర్గన్ వాయించిన మా నాయనకూ లేదు. బటన్ తీసేసి, బాలమ్మను ఉన్న శ్రుతిలోనే పాడమన్నాను.

"నేను పక్కన ఉండేంతవరకు ఆ బటన్ జోలికి ఎవర్నీ రానియ్యను, సరేనా" అన్నాను మల్లికతో. నవ్వింది.

డిసెంబరు 16, శనివారం

మల్లిక వల్ల కాలేదు. మొదటి పేజీ దాటలేదు. కార్యక్రమం ఆగకూడదని నేను కూర్చున్నాను. పాటలన్నీ బాగా జరిగాయి, అందరూ అదే అన్నారు.

డిసెంబరు 17, ఆదివారం

నిన్నటిది సరిగ్గా రాసుకోవాలి.

సాయంత్రం అయిదున్నరకు మొదలు. మల్లిక పొద్దున ఒకసారి అదే కీబోర్డు మీద మొత్తం వాయించుకుంది, తప్పు లేదు. అయిదింటికి నేను వెళ్ళి కీబోర్డు తుడిచాను. పెనుకొండ దుమ్ము సంగతి తెలిసిందే. తుడిచేటప్పుడు చెయ్యి తగిలి ఉంటుంది, స్వరం ఒక మెట్టు కిందికి దిగింది. తెర మీద అంకె కనపడుతుంది కదా అంటే, నా కళ్ళద్దాల పెట్టె దాని మీద ఉంది. ఎక్కడో ఒకచోట పెట్టాలి కదా, అక్కడ పెట్టాను.

మల్లిక మొదటి స్వరం నొక్కి ఆగింది. మళ్ళీ మొదలుపెట్టింది. వేళ్ళు చెవి వెంట పైకి పోయాయి, అక్కడ తప్పు పలికింది, కిందికి వచ్చాయి, అక్కడా తప్పే. నా వైపు తిరిగింది. వాయించమన్నట్టు తల ఊపాను. ఇంకొక నిమిషం పెనుగులాడి, లేచి, పక్క తలుపులోంచి వెళ్ళిపోయింది.

బయట గుమ్మం మెట్ల మీద నిలబడి, పెట్టె తప్పు పలికింది అని ఎవరితోనో అందట. "ఆడలేక మద్దెల ఓడన్నట్టు" అన్నాడు కమిటీ పెద్ద ఒకాయన, నా పక్కనే నిలబడి. నేను అవుననలేదు.

గంగాధర్ గారు నా దగ్గరకు వచ్చి, బెంగళూరులో నా కచేరీ విన్నానని, చెయ్యి ఇంకా అట్లాగే ఉందని అన్నారు. పాపం ఆ అమ్మాయి బెదిరిపోయింది, సీటు సంగతి జనవరి పదిహేను లోపల తేలుస్తాం, వేరే ఇద్దరు పిల్లలున్నారు అన్నారు. బాలమ్మ వచ్చి, "ఈ పొద్దు పాటలు గొంతుకు భలే సుఖంగా ఉండాయి టీచర్, ఏం మాయ చేసినారో" అంది.

కళ్ళద్దాల పెట్టె ఎక్కడో ఒకచోట పెట్టాలి కదా.

డిసెంబరు 18, సోమవారం

ఒక్క మెట్టే. దానికి అంత గాభరా ఎందుకు పడాలి. నేనైతే ఆగేదాన్ని కాదు.

డిసెంబరు 21, గురువారం

అయ్యగారు ఫోను చేశారు. జనవరి మాట అట్లా ఉండనీ టీచర్, ఆ పాప ఇంకా చిన్నది, మీరే కానీండి అన్నారు. సరే అన్నాను. రెండుసార్లు అన్నాను, సంతోషం అనుకున్నారు ఆయన. కొంత సంతోషమే.

డిసెంబరు 25, క్రిస్మస్

రెండో పాటలో వేళ్ళు ఆగిపోయాయి. పక్కన ఎవరూ లేరు. సంఘం గట్టిగా పాడుతోంది కాబట్టి గడిచిపోయింది.

డిసెంబరు 30, శనివారం

ధర్మవరం క్లాసుకు మల్లిక రాలేదు. వరసగా ఇది రెండో వారం. మిగతా పిల్లలకు చెప్పి నాలుగు గంటల బండికే వచ్చేశాను. వాళ్ళ వీధి స్టేషను దారిలోనే. ఆటోవాడు ఆ మలుపు దగ్గర ఎవరికోసమో ఆపితే, చీర కొంగు సర్దుకునే వంకతో ముఖం అటు తిప్పుకున్నాను.

జనవరి 4, గురువారం

ఓబుళప్ప వచ్చాడు.

పదకొండు గంటలప్పుడు గేటు దగ్గర నిలబడి, "అమ్మా, ప్రేమలతమ్మా" అని పిలిచాడు. భుజం మీద గోనె సంచి. తాడిమర్రి దగ్గర వాళ్ళ అన్న చేలో పండిన శెనక్కాయలట. లోపలికి రమ్మంటే వసారాలోనే చెప్పులు విప్పి నేల మీద కూర్చున్నాడు. కుర్చీలో కూర్చోమన్నా వినలేదు.

"మీ మొగం చూడల్లంటే సిగ్గయితాంది అమ్మా" అన్నాడు. "ఏడేండ్లు రూపాయి తీసుకోకుండా నేర్పించినారు. అంత పెద్దమనుషుల ముందర మా పాప మీ పరువు తీసె. క్షమించమని అడిగేకి కూడా మొగం చాల్లేదు, అందుకే ఇన్నాళ్ళు రాలే."

కాఫీ పెట్టమని అక్కకు కేక వేశాను.

"పెట్టె పలికింది సరిగానే ఉండాది, నా చెవే చెడిపోయింది నాయనా అంటాంది. అన్నం తినేది లేదు. రైలు కూస్తే చెవులు మూసుకుంటాది. అనంతపురం పిల్చుకపోయి చెవి డాక్టరుకు చూపించినా. మిషను పెట్టి చూసి బాగానే ఉండాది పోప్పా అనె. ఆ మిషను తప్పంటాంది ఈ పిల్ల. ఇంటరు అయినంక మగ్గం నేర్చుకుంటా, ఇంక పెట్టె వద్దు అంటాంది. మగ్గం నేర్చుకుంటే నాకేం బాధ లేదమ్మా. కానీ అది పొద్దస్తమానం చెవి పట్టుకుని కూర్చుంటే చూడలేకుండా ఉండాను. మీ మాటంటే దానికి గురి. ఒక్కసారి వచ్చి చెప్పండి."

"ఏమని చెప్పాలి?" అన్నాను.

"మీకే తెల్సు కదమ్మా" అన్నాడు.

దొంగకు తేలు కుట్టినట్టు అంటారు. నాకు ఈరోజు వరకు ఆ మాట ఎంత నిజమో తెలియదు. అక్క కాఫీ తెచ్చింది, ఆయన తాగాడు, లోటా తానే కడిగి పెట్టాడు. వస్తానని మాట ఇచ్చాను. వెళ్ళేటప్పుడు నాకు రెండు చేతులెత్తి దండం పెట్టాడు.

ఆయన పోయాక అక్క సంచి విప్పుతూ, "ఏమే, ఆ పాప మీద నీకేమన్నా మంటనా" అంది.

"నాకెందుకు మంట? నేనేం చేశాను?" అన్నాను. గట్టిగానే అన్నాను. గుమ్మడికాయల దొంగ అని ఆమె ఎవర్నీ అనలేదు, నేనే భుజాలు తడుముకున్నాను.

అక్క ఒక కాయ ఒలిచి నోట్లో వేసుకుంది. "నీ వేళ్ళ సంగతి అయ్యగారికి ఆ పాప చెప్పలేదు. నేను చెప్పినా. నువ్వు పడి సస్తాంటే చూడలేక. ఆ పొద్దే నీకు చెప్పల్ల అనుకున్యా, నీ కోపానికి బెదిరి ఊరకుండినా."

జనవరి 5, శుక్రవారం

రాయి ప్రేమలతా. ఇది ఎవరూ చదవరు.

చెయ్యి తగల్లేదు. దుమ్ము తుడిచిన మాట నిజం. తుడిచాక గుడ్డ మడిచి పక్కన పెట్టాను. హాల్లో ఎవరూ లేరు. గంగాధర్ గారు వస్తారు, నా ఆరు పేజీలు ఆ పిల్ల వాయిస్తుంది, ఆయన నాతో, మీ శిష్యురాలు మిమ్మల్ని మించిపోయింది అంటారు, నేను నవ్వాలి. ఆ నవ్వు ఎట్లా ఉండాలో అద్దంలో చూసుకుని మరీ వచ్చాను. బటన్ మీద వేలు పెట్టి, స్వరం ఒక మెట్టు దించాను. కుడిచేతి వేలు. అది బాగానే పనిచేస్తుంది. తరువాత కళ్ళద్దాల పెట్టె తీసి అంకె కనపడకుండా పెట్టాను. కళ్ళద్దాలు నా కళ్ళకే ఉన్నాయి, పెట్టె అక్కడ ఎందుకు.

ఇంకొకటి రాయలేదు. అది దీనికంటే పెద్దది.

మల్లిక నా వైపు తిరిగినప్పుడు నేను ఊరికే తల ఊపలేదు. ఆ పిల్ల అడిగింది. పెదవులు కదిలీ కదలకుండా, "మేడమ్, బటన్ నొక్కినారా ఎవరన్నా" అంది. దానికి తెలిసిపోయింది. దాని చెవి దానికి నిజమే చెప్పింది. నేను "లేదు పాపా, సరిగ్గానే ఉంది, వాయించు" అన్నాను. అంతకు వారం ముందే మాట ఇచ్చాను, ఎవర్నీ రానివ్వనని. చెవి ఒకవైపు, నేను ఒకవైపు. ఆ పిల్ల నన్ను నమ్మి, చెవిని వదిలేసుకుంది. తడిగుడ్డతో గొంతు కోయడమంటే ఇదే.

ఇప్పుడు డాక్టరు మాట కూడా నమ్మడం లేదంటే, నా మాట అంత గట్టిగా పట్టుకుంది.

నాకు ఇరవై రెండేళ్ళప్పుడు, ఒక ఈస్టర్ ఆదివారం, నాయన ఆర్గన్ ముందునుంచి లేచి, రా అమ్మా కూర్చో అన్నాడు. తాను వెళ్ళి మగవాళ్ళ వైపు మూడో బెంచీలో కూర్చున్నాడు. చచ్చిపోయేదాకా మళ్ళీ ఆ మెట్లు ముట్టుకోలేదు. అప్పుడు ఆయనకు యాభై నాలుగు. వేళ్ళు బాగానే ఉన్నాయి. ఆయనకు ఎట్లా ఉండిందో నేను ఒక్కసారి కూడా అడగలేదు.

సిగ్గుగా ఉంది. ఇంకో మాట దొరకడం లేదు.

జనవరి 7, ఆదివారం

ఆరాధనకు ముందే అయ్యగారి దగ్గరికి వెళ్ళి చెప్పాను. ఆయన లేచి వెళ్ళి తలుపు వేసి వచ్చారు.

"దేవుని ముందర ఒప్పుకున్నారు కదా టీచర్, చాలు. సంఘంలో పెట్టొద్దు. హిందూపురం పేరు పోతుంది, మీ పేరు పోతుంది. ఆ పాపకు ఇంకోసారి అవకాశం వస్తాది."

ఆ మాట వినగానే గుండెలో ఎంత తేలికయ్యిందో. ఆయన గది మెట్లు దిగేటప్పుడు, ఇంకేం, అయ్యగారే వద్దన్నారు అనుకున్నాను. ఆర్గన్ దాకా నడిచాను. కూర్చోలేకపోయాను. వెళ్ళి ఆడవాళ్ళ వైపు చివరి బెంచీలో కూర్చున్నాను. ఈరోజు సంఘం పెట్టె లేకుండా పాడింది, రెండు పాటలు శ్రుతి తప్పాయి, అందరూ వెనక్కి తిరిగి చూశారు.

జనవరి 8, సోమవారం

గంగాధర్ గారికి ఉత్తరం రాసి కొరియరులో వేశాను. ఫోనైతే మాటలు మెత్తబడతాయని ఉత్తరం. చేసింది నేను, పిల్ల తప్పు లేదు, మరొకసారి వినండి అని రాశాను. నాలుగుసార్లు చింపి రాశాను. ప్రతిసారీ, నా వేళ్ళు బాగాలేక మనసు బాగాలేక అని ఒక వాక్యం వస్తోంది. అయిదోసారి అది లేకుండా కుదిరింది.

జనవరి 9, మంగళవారం

పొద్దున బండికి ధర్మవరం. పెనుకొండలో బండి ఆగినప్పుడు కిటికీ రెక్క దించుకున్నాను.

ఒకే గది ఇల్లు, సగం మగ్గం. ఓబుళప్ప మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకుని నేస్తున్నాడు. మల్లిక వాళ్ళమ్మ దాసమ్మ గోడ వారగా దారం కండెలు చుడుతోంది. మల్లిక గుమ్మం దగ్గర పుస్తకం పెట్టుకుని ఉంది. నన్ను చూసి లేచి, ఎప్పటిలాగే నా చేతిలో సంచి అందుకుంది.

"చూస్తివా పాపా, మేడమ్ వచ్చినారు. నేను చెప్పలే?" అన్నాడు ఓబుళప్ప.

దాసమ్మ చాప పరిచింది. కూర్చుంటే చెప్పలేనని తెలుసు. నిలబడే చెప్పాను.

"మల్లికా, నీ చెవి చెడిపోలేదు. పెట్టె తప్పే పలికింది. బటన్ నొక్కింది నేను. కావాలనే నొక్కాను. నువ్వు అడిగితే లేదన్నాను."

మగ్గం ఆగింది. దాసమ్మ చేతిలో చక్రం మాత్రం ఇంకొక చుట్టు తిరిగింది.

"ఎందుకు" అన్నాడు ఓబుళప్ప. కోపంగా కాదు. నిజంగా అర్థం కాక అడిగాడు.

"నాకంటే బాగా వాయిస్తుందని" అన్నాను.

ఆయన గుంతలోంచి కాళ్ళు తీసి, నా పక్కనుంచి నడిచి, వీధిలోకి వెళ్ళి అటు తిరిగి నిలబడ్డాడు. నాకు దండం పెట్టిన చేతులు వెనక కట్టుకున్నాడు.

"అమ్మా," అంది దాసమ్మ, "చెవి డాక్టరు ఆ టోపీ మాదిరి మిషను పెడతాంటే నా బిడ్డ నా కొంగు పట్టుకుని ఎట్ల ఏడ్చిందో మీకు తెల్సునా. ఎవురన్నా చేస్తారా అమ్మా చదువుకున్నోళ్ళు ఇట్ల." కండె పట్టుకుని మళ్ళీ చుట్టడం మొదలుపెట్టింది, దారం తెగింది.

మల్లిక ఏడుస్తుందనుకున్నాను. తిడుతుందని కూడా అనుకున్నాను, తిడితే బాగుండునని దారి పొడుగునా అనుకుంటూ వచ్చాను. ఆ పిల్ల నన్ను చూడడం లేదు. కళ్ళు చిన్నవి చేసుకుని ఏదో వింటున్నట్టు కూర్చుంది.

"ఎంత దించినారు మేడమ్?"

"ఒక మెట్టు."

లేచి మగ్గం వెనక్కి పోయింది. చీరల డబ్బా అట్ట అక్కడ నూలు ఉండల కింద పడి ఉంది. దాన్ని లాగి, చున్నీతో దుమ్ము తుడిచి, ఒళ్ళో పెట్టుకుంది. పెన్నుతో గీసిన మెట్లు అక్కడక్కడ చెరిగిపోయాయి. మొదటి స్వరం మీద వేలు పెట్టింది, అక్కడే ఉంచి విన్నది. ఎడమకు ఒక మెట్టు జరిపింది.

"ఆ పొద్దు నాకు వినపడింది ఇది కాదు" అంది.

ఇంకొక మెట్టు జరిపింది. వేలు అక్కడ ఆగింది.

"ఇది. రెండు దించినారు మేడమ్. ఒకటి కాదు."

తల ఎత్తి నా ముఖంలోకి చూసింది. అడగడం కాదు, దానికి తెలుసు. నేను అవునన్నాను.

"గంగాధర్ గారికి రాశాను. మళ్ళీ వినమని" అన్నాను.

"సరే" అంది. తరువాత, "మీరింక పోండి మేడమ్, బండికి టైమయితాంది" అంది. నా సంచి తెచ్చి ఇవ్వలేదు. నేనే తీసుకున్నాను.

గుమ్మం దాటి నాలుగడుగులు వేశాక వెనకనుంచి అట్ట మీద వేళ్ళ చప్పుడు వినపడింది. ఏ స్వరమూ లేదు, ఉత్త చప్పుడు. లయను బట్టి పోల్చుకున్నాను. వీధిలో ఓబుళప్ప పక్కనే నిలబడిపోయాను. ఆయన నా వైపు చూడలేదు, ఆయన కూడా వింటున్నాడు. మొదటి పేజీ అయిపోయింది. ఆగలేదు.

జనవరి 10, బుధవారం

గంగాధర్ గారికి ఇంకొక ఉత్తరం రాయాల్సి వచ్చింది. మొదటి ఉత్తరంలో కూడా ఒకటనే రాశాను.

ఒకసారైతే చెయ్యి తగిలిందనుకోవచ్చు. ఎవరైనా అనుకుంటారు, నేను కూడా అనుకోవచ్చు. రెండుసార్లు తగలదు. మొదటిసారి నొక్కాక వేలు ఎత్తాను, అంకె చూశాను, చాలదనుకుని మళ్ళీ నొక్కాను.

అక్కను అడిగి ఎర్ర పెన్ను తీసుకున్నాను. డిసెంబరు 17, డిసెంబరు 18, జనవరి 5. ఈ డైరీలో మూడు చోట్ల ఉంది. పిల్లల నోటుపుస్తకాల్లో దిద్దినట్టే, ఒకటి కొట్టేసి పైన రెండు అని రాశాను.